జారి పడినానని చెప్పింది మా జేజి

ఈ ఎపిసోడ్‌లో మన ఇళ్లలో ఉండే పెద్దవాళ్ల గురించి మాట్లాడుకుందాం. వాళ్లను ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమో ఎలా కనిపెట్టాలి, ఎలా అడగాలి, అడిగాక ఏం చేయాలి. ఇదీ టాపిక్. కొంచెం బరువుగా ఉంటుంది, కానీ చివరిదాకా ఉండండి. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, అది మధ్యలో చెప్తాను.

నన్ను మొదటిసారి చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. మాది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. నేను నంద్యాలలో ఒక మెడికల్ షాపులో పని చేస్తాను. డాక్టర్‌ని కాదు, లాయర్‌ని కాదు. ఇప్పుడు చెప్పబోయేది మా జేజి సంగతి. మా వైపు నాయనమ్మను జేజి అంటాం. ఆమెను అడిగే చెప్తున్నా. "నా పేరు, ఊరి పేరు చెప్పాకు. మిగతాది చెప్పుకో, ఎవరికన్నా పనికొస్తుందేమో" అనింది.

మా నాయన వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురి ఇళ్లూ ఒకే ఊళ్లో. తాత పోయాక జేజిని వంతులేసుకున్నారు. నెలలో మొదటి పది రోజులు మా ఇల్లు, తర్వాత పదేసి రోజులు ఇద్దరు చిన్నాయనల ఇళ్లు. మరి 31వ తేదీ ఎవరిది? నవ్వొస్తుంది కదా. మా ఇంట్లో దాని మీద నిజంగానే గొడవ జరిగింది. ఆ రోజు జేజి అన్నం ఎవరింట్లో తినాలని లోపల ముగ్గురు కొడుకులు మాట్లాడుకుంటుంటే, ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నాకు అప్పుడు అదొక జోక్. ఫ్రెండ్స్‌కి చెప్పి నవ్వినాను కూడా.

పోయిన సంవత్సరం ఒక రోజు షాపులో ఉంటే చిన్నాయన ఫోన్ చేశాడు. ఇద్దరిలో ఎవరో చెప్పను. "జేజి పడింది, చెయ్యి నొప్పంటాంది, నంద్యాలకు తీసుకొస్తున్నా, నువ్వూ రా" అన్నాడు. ఒక ఆసుపత్రికి పోయినాం. డాక్టర్ గారు "ఏమైందమ్మా?" అని జేజినే అడిగారు. ఆమె నోరు తెరిచేలోపు చిన్నాయన "బాత్రూంలో జారింది సార్" అన్నాడు. డాక్టర్ మళ్లీ ఆమె వైపు చూశారు. ఆమె "అవునప్పా, జారి పడితిని" అనింది. ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. మాత్రలు, పూత మందు రాసి పంపించారు.

రవిక చెయ్యి పైకి జరిపినప్పుడు నేను చూశాను. మోచేతికి పైన నాలుగు మచ్చలు, వరసగా. ఎవరైనా వేళ్లతో గట్టిగా పట్టుకుంటే ఎట్లా పడతాయో అట్లా. చూశాను, ఏమీ అడగలేదు. డాక్టర్ గారిని తప్పు పట్టడం లేదు. బయట బెంచీల నిండా జనం. ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగారు. కాకపోతే, ఆమె ఎవరికైతే భయపడుతోందో ఆ మనిషి పక్కనే ఉన్నప్పుడు అడిగారు. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు వచ్చే దారే లేదు.

చిన్నాయనకు నంద్యాలలో వేరే పని ఉండి "నువ్వు బస్సెక్కించి ఇంట్లో వదిలి రా" అన్నాడు. ఆళ్లగడ్డ బస్సు ఎక్కినాం. కిటికీ పక్కన ఆమె, ఇటు నేను. శిరివెళ్ల దాటినాక అడిగాను. "జేజీ, నిజంగా జారినావా?" ఏమీ చెప్పలేదు. కొంచెం ఆగి ఇంకోలా అడిగాను. "ఆ ఇంట్లో నీకు భయమైతుందా?" అప్పుడు కిటికీలోకి చూస్తూ చెప్పింది.

"పెన్షన్ లెక్క అడిగె. నాలుగు వేలు రావల్ల, మూడు వేలే ఉండాయేమని. చెయ్యి పట్టుకొని ఊపె. నీ పేరు యాడ చెప్పేది నాయనా? వాడు నీ మీదికొస్తాడు."

ఇక్కడే నా తప్పు. మా రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి, వేలిముద్ర వేయించుకుని, చేతికి ఇస్తారు. ఒకటో తారీఖంటే జేజి మా ఇంట్లో ఉంటుంది. ఎనిమిది ఐదువందల నోట్లు. నేను ఊర్లో ఉంటే అందులో రెండు తీసుకునేవాడిని. ఒకటి పెట్రోల్‌కి, ఒకటి ఫోన్ రీచార్జ్‌కి, ఇంకేదానికో. అడిగి కాదు. "జేజీ, తీసుకుంటున్నా" అని చెప్పేవాణ్ని, అంతే. నాకు అది దొంగతనం అనిపించలేదు. మనవడు తీసుకుంటే ఏముంది అనుకున్నా. ఆ వెయ్యి రూపాయలు ఎక్కడికి పోయినాయో చెప్పమంటే ఆమె చెప్పలేదు. నన్ను కాపాడబోయి ఆ మచ్చలు పడినాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వృద్ధులపై వేధింపులు అనగానే మనకు టీవీలో చూపించే కొడుకు గుర్తొస్తాడు. తల్లిని రోడ్డు మీద వదిలేసినవాడు. మనం కాదులే అనుకుంటాం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వేధింపుల్లో కొట్టడం ఒక్కటే పెట్టలేదు. తిట్టడం, బెదిరించడం, డబ్బు లేదా ఆస్తి లాక్కోవడం, లైంగిక వేధింపు, అవసరమైన తిండి, మందు, శుభ్రత పట్టించుకోకపోవడం, ఇవన్నీ అందులోవే. ఆ లెక్కన మా ఇంట్లో ఒక్క మనిషి కాదు తప్పు చేసింది. నేనూ ఉన్నాను.

ఇది ఎంతమందికి జరుగుతోంది? ప్రపంచవ్యాప్తంగా 60 ఏళ్లు దాటినవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక వేధింపు ఎదుర్కొన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2017-18లో చేసిన లాసీ అనే పెద్ద సర్వేలో, 60 దాటినవాళ్లలో దాదాపు 5 శాతం మంది గత ఏడాదిలో తమను సరిగా చూడలేదని చెప్పారు. రెండూ వేర్వేరు పద్ధతుల్లో తీసిన లెక్కలు, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నేను చెప్పేది ఒక్కటే. ఆ రోజు ఆసుపత్రిలో ఎవరైనా సర్వే చేసి ఉంటే మా జేజి ఏ లెక్కలోకీ వచ్చేది కాదు. "జారి పడితిని" అని రాసుకుని పోయేవాళ్లు.

అందుకే డాక్టర్లు చాలా కాలంగా ఒక విషయం మీద పని చేస్తున్నారు. దాన్ని స్క్రీనింగ్ అంటారు. షుగర్ ఉందని మనకు తెలియకముందే రక్తపరీక్ష చేసి చూస్తారు కదా, అలాగే మనిషి తనంతట తాను చెప్పకపోయినా కొన్ని ప్రశ్నలు అడిగి, కొన్ని గుర్తులు చూసి, ఇక్కడ ఏదో ఉందని అనుమానం పట్టడం. వైద్యలోకం దీన్ని గుర్తించి ఎంతో కాలం కాలేదు. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బర్స్టన్ అనే డాక్టర్ ముసలమ్మలను ఇళ్లలో కొడుతున్నారని ఒక లేఖ రాశాడు. అప్పటినుంచి డాక్టర్లు దీని గురించి గట్టిగా మాట్లాడటం మొదలైంది.

2008లో కెనడాలోని మాంట్రియల్‌లో మార్క్ యాఫీ అనే డాక్టర్, ఆయన బృందం ఒక చిన్న ప్రశ్నల జాబితా తయారు చేశారు. పేరు ఈజీ. మొత్తం ఆరు ప్రశ్నలు. ఐదు పెద్దవాళ్లను అడిగేవి, ఆరోది డాక్టర్ తనను తాను అడుక్కునేది. రెండు నిమిషాల పని. అన్నీ గత 12 నెలల గురించే. అందులోని సంగతులు మన మాటల్లో చెప్తాను.

మొదటిది, స్నానానికో, బట్టలకో, తిండికో, బ్యాంకు పనికో వేరేవాళ్ల మీద ఆధారపడుతున్నారా? ఇది తప్పేం కాదు, ఎవరి చేతుల్లో ఉన్నారో తెలుసుకోవడానికి. రెండోది, తిండి, మందులు, కళ్లద్దాలు, వైద్యం, కావాల్సినవాళ్లతో మాట్లాడటం, వీటికి ఎవరైనా అడ్డుపడ్డారా? మూడోది, సిగ్గుపడేలాగో బెదిరించినట్టో మాట్లాడి ఎవరైనా మనసు కష్టపెట్టారా? నాలుగోది, ఇష్టం లేకుండా కాగితాల మీద సంతకం పెట్టించడం, డబ్బు వాడుకోవడం జరిగిందా? ఐదోది, ఎవరైనా భయపెట్టారా, ఇష్టం లేకుండా తాకారా, కొట్టారా? ఆరోది డాక్టర్ చూసుకునేది. మనిషి కళ్లలోకి చూడకపోవడం, ముడుచుకుపోవడం, చిక్కిపోవడం, శుభ్రత లేకపోవడం, దెబ్బలు, మందులు సరిగా వేసుకోకపోవడం, ఇలాంటివి కనిపిస్తున్నాయా అని.

రెండు నుంచి ఆరు వరకు ఒక్కదానికి అవునని వచ్చినా ఇంకా లోతుగా చూడాలని అర్థం. నేరం రుజువైందని కాదు. ఇంకోటి, ఇది జ్ఞాపకశక్తి బాగున్నవాళ్ల కోసం, డాక్టర్లు వాడటానికి చేసినది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మాటతో పాటు గుర్తులు ఎక్కువ చూడాలి. వాళ్లకు ఏం తెలుసులే అని వదిలేయకూడదు. వాళ్లకే ప్రమాదం ఎక్కువ.

గుర్తుల సంగతి కూడా జాగ్రత్తగా చెప్పుకోవాలి. షాపులో నేను చూస్తుంటా. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లకు మంచం కోడు తగిలినా చర్మం కమిలిపోతుంది. కాబట్టి మచ్చ కనిపించగానే ఇంట్లోవాళ్ల మీద పడకూడదు. మామూలుగా తగిలే దెబ్బలు ఎక్కువగా చేతులు, కాళ్ల మీద ఉంటాయి. ముఖం, మెడ, వీపు మీద పెద్ద పెద్ద మచ్చలున్నా, వేళ్ల గుర్తుల్లా ఉన్నా, చెప్పే కారణం దెబ్బకు సరిపోకపోయినా ఆలోచించాలి. ఇంకో గుర్తు నా కౌంటర్ దగ్గరే కనిపిస్తుంది. ప్రతి నెలా బీపీ మాత్రలు మూడు షీట్లు తీసుకునే మనిషికి ఉన్నట్టుండి ఒక్క షీటే తీసుకుపోతారు. కారణం డబ్బు ఇబ్బందే కావచ్చు, వేధింపే కావచ్చు. కానీ అడగాల్సిన విషయమే. పగిలిన కళ్లద్దాలు నెలలు గడిచినా మారకపోవడం, పడకపుండ్లు, ఎప్పుడు ఫోన్ చేసినా వేరేవాళ్లే మాట్లాడటం, ఇవి కూడా అంతే.

మరి అందరు పెద్దవాళ్లనూ ఆసుపత్రిలో ఇలా అడిగేస్తే సరిపోతుందా? ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అమెరికాలో ఏ పరీక్షలు అందరికీ చేయాలో సలహా ఇచ్చే నిపుణుల బృందం ఒకటుంది. 2018లో వాళ్లు, వృద్ధులందరినీ ఇలా స్క్రీన్ చేస్తే మేలెంతో, కీడెంతో తేల్చడానికి ఆధారాలు చాలవన్నారు. అడగొద్దని కాదు. అడిగితే వేధింపు తగ్గుతుందని ఇంకా రుజువు కాలేదని. నాకు ఇది మా జేజి విషయంలో అర్థమైంది. ఆమె బస్సులో చెప్పింది. ఆ సాయంత్రం మళ్లీ అదే ఇంటికి పోవాలి కదా? చెప్పిందని తెలిస్తే రాత్రికి ఏమవుతుంది? బీపీ చూసి మాత్ర ఇవ్వకపోతే ఏం లాభం? ఇది అంతకంటే ఎక్కువ. అడిగి వదిలేస్తే ఆమెకు ఉన్న ఒక్క ధైర్యం కూడా పోతుంది.

అందుకే అడిగే ముందు నాలుగు విషయాలు.

ఒకటి, ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి. బస్సులో, గుడిలో, పొలం గట్టు మీద, ఎక్కడైనా. ఇంట్లో అడిగితే గోడ అవతల ఎవరున్నారో చూసుకోండి. ఫోన్‌లో అడిగితే స్పీకర్ ఆన్‌లో ఉందేమో ముందు తెలుసుకోండి.

రెండు, "నిన్ను కొడుతున్నారా?" అని మొదలుపెట్టకండి. మా పెద్దవాళ్లకు కొడుకు పరువు వాళ్ల ప్రాణం కంటే ఎక్కువ. "అన్నం టైముకు పెడుతున్నారా? పెన్షన్ నీ చేతిలోనే ఉంటోందా? ఆ ఇంట్లో భయమైతుందా?" అని చిన్న చిన్నగా అడగండి. "జారినావా" అంటే మా జేజి మాట్లాడలేదు. "భయమైతుందా" అంటే మాట్లాడింది.

మూడు, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టకండి. "నీకు చెప్పకుండా ఏమీ చేయను" అని చెప్పండి, అది నిలబెట్టుకోగలిగిన మాట. నీకేం కావాలి అని అడగండి. ఆమెకు మతి బాగున్నప్పుడు నిర్ణయం ఆమెదే. ప్రాణాపాయం ఉంటే మాత్రం ఆలోచించొద్దు, 112కి చేయండి.

నాలుగు, మన చేతిలో ఉన్న ఫోన్. దెబ్బల ఫొటో ఆమె ఒప్పుకుంటే ఆధారం కోసం తీసి పెట్టుకోండి. కానీ వీడియో తీసి స్టేటస్‌లో పెట్టొద్దు, రీల్ చేయొద్దు. మనకు లైకులొస్తాయి, ఆమె మాత్రం రేపు అదే వీధిలో నడవాలి.

తర్వాత సాయం ఎక్కడ దొరుకుతుంది? 14567, ఇది ఎల్డర్‌లైన్. పెద్దవాళ్ల కోసం దేశమంతా ఉన్న ఉచిత నంబర్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. 15100 ఉచిత న్యాయ సహాయానికి. ఈ రెండు ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చట్టం కూడా ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. ఆర్డీవో స్థాయి అధికారి ఆధ్వర్యంలో ట్రిబ్యునల్ ఉంటుంది. అక్కడ పెద్దవాళ్లు తామే అర్జీ పెట్టుకోవచ్చు, చేతకాకపోతే వాళ్ల తరఫున ఇంకొకరు పెట్టొచ్చు. లాయర్ పెట్టుకునే పని లేదు. అవతలివాళ్లకు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకోవాల్సిన మనిషే వృద్ధులను వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకొక మాట వినండి. ఈ చట్టంలో పిల్లలు అంటే కొడుకులు, కూతుళ్లే కాదు, 18 దాటిన మనవళ్లు, మనవరాళ్లు కూడా. అంటే నేను. అంటే మీరు.

ఆస్తి రాసిచ్చేసి ఇబ్బంది పడేవాళ్లకు అదే చట్టంలో సెక్షన్ 23 ఉంది. చూసుకోవాలనే షరతుతో రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ రాసిచ్చినది రద్దు చేయించుకోవచ్చు. మధ్యప్రదేశ్‌లో ఊర్మిళా దీక్షిత్ అనే తల్లి 2019లో కొడుక్కి ఇచ్చిన గిఫ్ట్‌ను 2025 జనవరిలో సుప్రీంకోర్టు రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. కానీ షరతు ఉందా లేదా అనే దాని మీదే ఇలాంటి కేసులు నడుస్తాయి. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా రాసిస్తుంటే, చూసుకోవాలనే మాట ఆ కాగితంలోనే రాయించండి.

మా ఇంట్లో ఏమైందో చెప్పి ముగిస్తాను. బస్సు దిగినాక జేజిని చిన్నాయన ఇంటికి కాదు, మా ఇంటికి తీసుకుపోయినా. వంతు మాది కాదని అమ్మ ఆశ్చర్యపోయింది. "నీకేం కావాలి జేజీ" అని అడిగాను. కేసు వద్దనింది. రెండే అడిగింది. పెన్షన్ తన దగ్గరే ఉండాల. పదేసి రోజులకు సంచి మోసుకుని ఇల్లు మారడం ఇంక వద్దు. మా నాయనకు మొత్తం చెప్పాను, నా రెండు నోట్ల సంగతితో సహా. మా నాయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

చిన్నాయన ఇప్పటికీ ఒప్పుకోడు. "ఊరికే చెయ్యి పట్టుకున్నా" అంటాడు. నాతో మాట్లాడటం మానేశాడు. చిన్నమ్మ ఒక్కతే ఎన్నో ఏళ్లుగా జేజి బట్టలు ఉతికి, నడవలేనప్పుడు ఎత్తి కూర్చోబెట్టిందని కూడా నాకు తర్వాతే తెలిసింది. ఆమెను ఎవరూ అడగలేదు, నీకు కష్టంగా ఉందా అని. చూసుకునేవాళ్లను కూడా అడగాలి అని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు జేజి మా ఇంట్లోనే ఉంది. ఖర్చులో ఇద్దరు చిన్నాయనలూ కొంత ఇస్తున్నారు, ఒక నెల ఇస్తే ఒక నెల లేదు. నేను తీసుకున్నదంతా లెక్క వేసి నెలనెలా తిరిగి ఇస్తున్నా. మొదటిసారి ఇచ్చినప్పుడు "ఇదేంది నాయనా" అని నవ్వింది. కానీ తీసుకుని కొంగున కట్టుకుంది.

ఈ ఎపిసోడ్ అయిపోగానే మీ జేజికో, అవ్వకో, తాతకో ఫోన్ చేయండి. "తిన్నావా" అని ఎప్పుడూ అడుగుతాం. ఈసారి "పక్కన ఎవరన్నా ఉన్నారా" అని అడిగి, ఎవరూ లేకపోతే ఇంకో రెండు నిమిషాలు మాట్లాడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.